ఎడ్జ్ ప్లాట్‌ఫామ్ ఎంచుకునే ముందు డేటాబేస్ ఎక్కడుందో చూసుకోండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. మీది ముగ్గురు డెవలపర్ల చిన్న బృందం. నెక్స్ట్ జేఎస్ అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో రాసిన వెబ్ అప్లికేషన్‌లో సగం అందరికీ కనిపించే పేజీలు, మిగతా సగం లాగిన్ అయినవారికి మాత్రమే కనిపించే డ్యాష్‌బోర్డ్. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒకే రీజియన్‌లో, అంటే ఒకే ప్రాంతపు డేటా సెంటర్లలో, నడుస్తోంది, వినియోగదారులు మాత్రం మూడు ఖండాల్లో ఉన్నారు, నెలకు సుమారు 5 కోట్ల రిక్వెస్టులు వస్తున్నాయి. ఇప్పుడున్న వర్చువల్ సర్వర్‌ను వదిలి, కోడ్‌ను ఎడ్జ్‌లో, అంటే వినియోగదారులకు దగ్గరలో ఉండే నెట్‌వర్క్ అంచు కేంద్రాల్లో, నడపగల క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్, వెర్సెల్, నెట్లిఫై, డెనో డిప్లాయ్, ఫాస్ట్లీ, అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోని లాంబ్డా ఎట్ ఎడ్జ్‌లలో దేనికి మారితే మంచిదని అడిగారు.

పేర్ల జాబితాతో మొదలుపెడితే ఈ ప్రశ్నకు సరైన సమాధానం దొరకదని, ఇలాంటి మార్పిడులు కొన్ని చేసి, వాటిలో రెండింటిని మళ్లీ వెనక్కి తీసుకున్నాక నాకు తెలిసివచ్చింది. మీరు రాసినదాంట్లో నిర్ణయాన్ని శాసించేది ప్లాట్‌ఫామ్ పేరు కాదు, నెక్స్ట్ జేఎస్ కూడా కాదు. పోస్ట్‌గ్రెస్ ఒకే రీజియన్‌లో ఉందన్న ఆ ఒక్క ముక్క. కోడ్‌ను వినియోగదారుడి దగ్గరకు జరిపిన ప్రతిసారీ అది డేటాబేస్‌కు దూరమవుతుంది. ఆ దూరాన్ని ఒక్కో పేజీ కోసం ఎన్నిసార్లు దాటవలసి వస్తుందన్నదే తేల్చుకోవలసిన లెక్క.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. అంటే 1,000 కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు, రానుపోను 10. డేటాబేస్ 8,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే కాగితం మీద రానుపోను 80 మిల్లీసెకన్లు. కేబుళ్లు సరళరేఖలో ఉండవు, దారిలో రౌటర్లు ఉంటాయి కాబట్టి దాన్ని 120 అనుకుందాం. ఇప్పుడు మీ డ్యాష్‌బోర్డ్ పేజీని ఊహించుకోండి. ముందు సెషన్ (ఎవరు లాగిన్ అయ్యారన్న గుర్తు) సరిచూడాలి, దాన్నిబట్టి ఖాతా వివరాలు తేవాలి, ఖాతానుబట్టి ప్రాజెక్టుల జాబితా, ఆ జాబితానుబట్టి తాజా గణాంకాలు. ఒకదాని ఫలితం చేతికొస్తేగానీ రెండోది అడగలేని 4 క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) ఇవి. కోడ్ వినియోగదారుడి పక్కనున్న ఎడ్జ్‌లో ఉంటే అతడి నుంచి ఎడ్జ్‌కు 10 మిల్లీసెకన్లు, అక్కడి నుంచి డేటాబేస్‌కు నాలుగుసార్లు 120, మొత్తం 490. అదే కోడ్ డేటాబేస్ పక్కన ఉంటే వినియోగదారుడి రిక్వెస్టు 120 మిల్లీసెకన్లు ఒక్కసారి ప్రయాణిస్తుంది, క్వెరీలు ఒక్కొక్కటి మిల్లీసెకనులో ముగుస్తాయి, మొత్తం 125 లోపు. వేగం కోసం ఎడ్జ్‌కు మారినవారి పేజీ నాలుగు రెట్లు నెమ్మదించిందన్నమాట. ఇందులో ప్లాట్‌ఫామ్ తప్పేమీ లేదు.

పై లెక్కలో డేటాబేస్ కనెక్షన్ అప్పటికే తెరిచి ఉందని అనుకున్నాం. అది లేకపోతే పరిస్థితి ఇంకా అధ్వానం. పోస్ట్‌గ్రెస్‌కు కొత్తగా కనెక్షన్ తెరవాలంటే టీసీపీ అనే నెట్‌వర్క్ సంధానానికి ఒక రానుపోను, ఎన్‌క్రిప్షన్ కావాలని అడగడానికి ఒకటి, ఆ ఎన్‌క్రిప్షన్‌ను నెలకొల్పే టీఎల్‌ఎస్‌కు ఒకటి, ఆ పైన పాస్‌వర్డ్ సరిచూసే స్క్రామ్ పద్ధతికి మూడు, మొత్తం సుమారు 6 పడతాయి. ఆరు నూట ఇరవైలు 720 మిల్లీసెకన్లు, ఇంకా ఒక్క క్వెరీ కూడా అడగకుండానే. పైగా పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్ల డిఫాల్ట్ పరిమితి 100 మాత్రమే. ప్రపంచమంతటా విడివిడిగా పుట్టుకొచ్చే ఫంక్షన్లు తలా ఒక కనెక్షన్ తెరిస్తే రద్దీ వచ్చిన పది నిమిషాల్లో డేటాబేస్ తలుపులు మూసేస్తుంది. అందుకే మధ్యలో పూలర్, అంటే తెరిచి ఉన్న కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే సాధనం, తప్పనిసరి. క్లౌడ్‌ఫ్లేర్‌లో హైపర్‌డ్రైవ్ ఈ పని చేస్తుంది, మీరే నడుపుకోవాలంటే పీజీబౌన్సర్ ఉంది, నియాన్ వంటి సేవలైతే హెచ్‌టీటీపీ ద్వారా క్వెరీ అడిగే డ్రైవర్ ఇస్తాయి. అయితే పూలర్ ఆదా చేసేది ఆ 6 రానుపోనులను మాత్రమే. క్వెరీలు దాటవలసిన దూరం పూలర్ పెట్టినా అలాగే ఉంటుంది. ప్రకటనల్లో ఈ తేడా సరిగా చెప్పరు.

దీనికి మందులు మూడు. మొదటిది క్వెరీలను కలపడం: పై నాలుగింటిని పట్టికలను కలిపి అడిగే ఒకే జాయిన్‌గానో, డేటాబేస్ లోపలి ఫంక్షన్‌గానో రాస్తే 480 కాస్తా 120కి వస్తుంది, దీనికి ప్లాట్‌ఫామ్ మార్చనే అక్కర్లేదు. రెండోది కోడ్‌ను డేటాబేస్ దగ్గర నిలపడం. వెర్సెల్‌లో ఫంక్షన్ నడవవలసిన రీజియన్‌ను మీరే ఎంచుకోవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్‌లో స్మార్ట్ ప్లేస్‌మెంట్ అనే సదుపాయాన్ని ఆన్ చేస్తే ఏ వర్కర్ (అక్కడ నడిచే మీ కోడ్ ముక్క) ఎక్కువగా ఎవరితో మాట్లాడుతోందో గమనించి దాన్ని ఆ దిశగా జరుపుతుంది. మూడోది డేటాను పలుచోట్ల ఉంచడం, దీనికి మళ్లీ వస్తాను.

ఈ విషయంలో పరిశ్రమే కొంత వెనక్కి తగ్గిందని మీరు గమనించాలి. వెర్సెల్ 2022లో ఎడ్జ్ ఫంక్షన్లను ఎంతో ఉత్సాహంగా అందరికీ అందుబాటులోకి తెచ్చింది; ఇప్పుడు వారి డాక్యుమెంటేషనే ఎడ్జ్ రన్‌టైమ్‌కు (రన్‌టైమ్ అంటే కోడ్‌ను నడిపే వ్యవస్థ) బదులు మామూలు సర్వర్లలో వాడే నోడ్ జేఎస్ రన్‌టైమ్ వాడమని సలహా ఇస్తోంది. డెనో డిప్లాయ్ కూడా రీజియన్లను తగ్గించుకుని, చాలా అప్లికేషన్లకు కోడ్ అన్నిచోట్లా ఉండటం కన్నా డేటా పక్కన ఉండటమే ముఖ్యమని 2025లో వివరణ ఇచ్చింది. ఎడ్జ్ అన్నమాట మీద మోజు తగ్గిందని కాదు. అది ఏ పనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ఇప్పుడు అందరికీ కాస్త స్పష్టంగా తెలిసింది.

పనికొచ్చే పనులు చాలానే ఉన్నాయి. డేటాబేస్‌ను తాకకుండా తేలిపోయే ప్రతి నిర్ణయమూ ఎడ్జ్‌లో ఉండవచ్చు: దారి మళ్లింపులు, భాషనుబట్టి పేజీ ఎంపిక, ఒకే పేజీకి రెండు రూపాలు చూపి పోల్చే ప్రయోగాలు, హెడర్ల (రిక్వెస్టుతో వెళ్లే అదనపు సమాచారం) సవరణ, లాగిన్ గుర్తుగా పంపే టోకెన్ మీద సంతకం సరైనదో కాదో చూడటం. భాషా నమూనాల ఏపీఐల (ప్రోగ్రాములు పిలిచే సేవల) నుంచి కొద్దికొద్దిగా వచ్చే జవాబును వినియోగదారుడికి అందించే పని కూడా ఎడ్జ్‌కు చక్కగా కుదురుతుంది, ఎందుకంటే అందులో ఎదురుచూపు ఎక్కువ, లెక్కింపు తక్కువ. అన్నిటికన్నా మించినది క్యాష్, అంటే ఒకసారి తయారైన పేజీ నకలును దగ్గర ఉంచుకోవడం. మీ అప్లికేషన్‌లో అందరికీ ఒకేలా కనిపించే సగం పేజీలను ఎడ్జ్ క్యాష్‌లో పెట్టి, గడువు తీరిన పేజీని ముందు చూపించి వెనకాల కొత్తది తెచ్చుకునే స్టేల్ వైల్ రీవాలిడేట్ పద్ధతి పాటిస్తే, ఆ పేజీలకు ఏ ఎడ్జ్ ఫంక్షనూ రాయకుండానే మీరు ఆశిస్తున్న వేగంలో అధికభాగం వచ్చేస్తుంది. ఇది కొత్తదేమీ కాదు, పేజీల నకళ్లను ప్రపంచమంతటా ఉంచే సీడీఎన్‌లు చాలాకాలంగా చేస్తున్న పనే. కానీ దీన్ని పూర్తిగా వాడుకోకుండానే ప్లాట్‌ఫామ్ మార్చేవారిని ఎక్కువగా చూస్తుంటాను.

టోకెన్ తనిఖీ గురించి ఒక హెచ్చరిక. ఎడ్జ్‌లోని తనిఖీ అక్రమ రిక్వెస్టులను దూరంలోనే ఆపే తొలి గేటు మాత్రమే, అసలు గేటు డేటా దగ్గరే ఉండాలి. 2025 మార్చిలో నెక్స్ట్ జేఎస్ మిడిల్‌వేర్‌లో, అంటే పేజీకి ముందు రిక్వెస్టును చూసే కోడ్‌లో, బయటపడిన లోపం మీకు గుర్తుండే ఉంటుంది: అంతర్గత వాడకానికి ఉద్దేశించిన ఒక హెడర్‌ను బయటివారు పంపితే మిడిల్‌వేర్ మొత్తం దాటిపోయేది. తాళం అక్కడ ఒక్కచోటే వేసినవారు సొంత సర్వర్లలో రాత్రికి రాత్రి 15.2.3, 14.2.25 వంటి సవరించిన వెర్షన్లకు మారవలసి వచ్చింది. డేటా తెచ్చే ప్రతి ఫంక్షన్‌లోనూ అనుమతి మళ్లీ సరిచూసుకున్నవారికి ఆ వార్తతో నిద్ర చెడలేదు.

ఇక రన్‌టైమ్ సంగతి. క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్ మీ కోడ్‌కు ప్రత్యేకంగా కంటైనర్ (విడి సర్వర్‌లాంటి పెట్టె) ఇవ్వదు. క్రోమ్ బ్రౌజర్ లోపల ఉండే వీ8 ఇంజిన్‌లోని ఐసొలేట్ అనే చిన్న గదిని ఇస్తుంది. ఒకే ప్రాసెస్‌లో వేల ఐసొలేట్లు ఉంటాయి కాబట్టి కొత్తది కొన్ని మిల్లీసెకన్లలో లేస్తుంది, కంటైనర్ ఆధారిత సేవల్లో వందల మిల్లీసెకన్లు తినే కోల్డ్ స్టార్ట్ (ఆగి ఉన్న కోడ్ మొదటి రిక్వెస్టుకు లేచే ఆలస్యం) బాధ ఇక్కడ దాదాపు ఉండదు. ఆ తేలికదనానికి చెల్లించే మూల్యం పరిమితులు: ఒక ఐసొలేట్‌కు 128 ఎంబీ మెమరీ, కంప్రెస్ చేసిన కోడ్ బండిల్ ఉచిత ప్లాన్‌లో 3 ఎంబీ, చెల్లింపు ప్లాన్‌లో 10 ఎంబీ. సీ ప్లస్ ప్లస్‌లో కంపైల్ అయ్యే నేటివ్ మాడ్యూళ్లు నడవవు కాబట్టి ఫొటోల పరిమాణం మార్చే షార్ప్ వంటి లైబ్రరీలకు వేరే దారి చూసుకోవాలి. నోడ్ జేఎస్ ఏపీఐలలో చాలావరకు ఇప్పుడు అనుకూలత ఫ్లాగ్ అనే సెట్టింగ్ పెడితే పనిచేస్తాయి, రెండు మూడేళ్ల కిందటితో పోలిస్తే ఇది చాలా మెరుగు. అయినా మీ ప్యాకేజీల జాబితాలో ప్రతి పేరునూ ఒకసారి అక్కడ నడిపి చూడనిదే మార్పిడికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరికీ మాట ఇవ్వకండి.

ఎక్కువమంది తడబడేది సీపీయూ సమయం దగ్గర. నెట్‌వర్క్ కోసం ఎదురుచూసే సమయం ఇందులోకి రాదు, ప్రాసెసర్ నిజంగా పనిచేసిన సమయమే లెక్క. క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్‌లో ఒక రిక్వెస్టుకు 10 మిల్లీసెకన్లు, నెట్లిఫై ఎడ్జ్ ఫంక్షన్లలో 50. వింటే చాలా తక్కువ అనిపిస్తుంది గానీ జేసాన్ రూపంలోని డేటా చదివి, కొంత హెచ్‌టీఎంఎల్ తయారుచేసే మామూలు పనికి సరిపోతాయి. సరిపోని పని ఎలా ఉంటుందో నా అనుభవమే చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక ప్రాజెక్టులో లాగిన్ పేజీని అలాంటి పరిమితి ఉన్న ప్లాట్‌ఫామ్‌కు తరలించాం. పాస్‌వర్డ్ సరిచూడటానికి బీక్రిప్ట్‌ను శుద్ధ జావాస్క్రిప్ట్ రూపంలో వాడాం. బీక్రిప్ట్‌ను తయారుచేసిందే నెమ్మదిగా నడవడానికి. దొంగ కోటి పాస్‌వర్డ్లు ప్రయత్నించకుండా ఒక్కో ప్రయత్నానికి పదుల మిల్లీసెకన్ల సీపీయూ కావాలనే. మా పరీక్షల్లో ఒకరిద్దరు లాగిన్ అయినప్పుడు ప్లాట్‌ఫామ్ చూసీచూడనట్టు వదిలేసింది. విడుదల రోజు వందలమంది ఒకేసారి వచ్చేసరికి సగం లాగిన్లు వనరుల పరిమితి దాటారన్న ఎర్రర్‌తో ఆగిపోయాయి. తప్పు పాస్‌వర్డ్ కొట్టినవారికీ, సరైనది కొట్టినవారికీ ఒకే ఎర్రర్ పేజీ కనిపించడంతో మొదటి గంట మేము డేటాబేస్‌లో లోపం వెతుకుతూ గడిపాం. చివరికి లాగిన్ ఒక్కదాన్నీ రీజియన్‌లోని మామూలు ఫంక్షన్‌కు తిప్పి ఊపిరి పీల్చుకున్నాం. మీ డ్యాష్‌బోర్డ్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఉంటే ముందు చూడవలసింది ఇదే.

ఇంకో చిన్న వింత కూడా తెలిసి ఉండాలి. క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్‌లో కోడ్ నడుస్తున్నంతసేపు గడియారం కదలదు. నెట్‌వర్క్ పని ఏదైనా జరిగినప్పుడే ముందుకు జరుగుతుంది. స్పెక్టర్ తరహా దాడుల్లో అతి సూక్ష్మంగా కాలాన్ని కొలిచి పక్క ఐసొలేట్ రహస్యాలు రాబట్టకుండా చేసిన ఏర్పాటిది. ఒక లూప్‌కు ముందు, తరువాత డేట్.నౌ చదివి తేడా చూస్తే 0 వస్తుంది. నా కోడ్ సున్నా మిల్లీసెకన్లలో నడుస్తోందని సంబరపడినవారిని నేను చూశాను. ఆ సంబరపడినవారిలో మొదటివాడిని నేనే. సీపీయూ ఎంత వాడారన్నది క్లౌడ్‌ఫ్లేర్ డ్యాష్‌బోర్డ్‌లోని మెట్రిక్స్‌లో చూడాలి, కోడ్ లోపల కాదు.

డేటాను పలుచోట్ల ఉంచడం అనే మూడో మందుకు వస్తాను. దీనికి సులభంగా దొరికేది కీ-వాల్యూ స్టోర్, అంటే ఒక్కో పేరు కింద ఒక్కో విలువను దాచే చోటు. చదవడం చాలా వేగం, ఎందుకంటే విలువ వినియోగదారుడి దగ్గరలోనే క్యాష్ అయి ఉంటుంది. ఆ క్యాషే ఇబ్బంది కూడా. క్లౌడ్‌ఫ్లేర్ వారి కీ-వాల్యూ స్టోర్ అయిన కేవీలో ఒకచోట రాసిన విలువ మిగతా చోట్ల కనిపించడానికి 60 సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టవచ్చని డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉంటుంది. ఈ తరహా స్టోర్‌లోనే మేము ఒకసారి సెషన్లు పెట్టాం. ఒక నిర్వాహకుడు ఉద్యోగం మానేసిన వ్యక్తి ఖాతాను నిలిపివేశాడు, తన తెరమీద నిలిచిపోయినట్టే కనిపించింది. ఆ వ్యక్తి మరో ఖండంలో ఉన్నాడు, అక్కడి ఎడ్జ్‌లో పాత సెషన్ ఇంకా బతికే ఉంది, ఆ నిమిషంలో అతడు ఒక నివేదికను దింపుకున్నాడు. నష్టమేమీ జరగలేదు గానీ, ఆ లాగ్ చూసిన రోజు నుంచి నాకు ఒక విభజన అలవాటైంది: నిమిషం పాతదైనా ఫరవాలేని సమాచారం, అంటే కాన్ఫిగరేషన్, అనువాదాలు, దారి మళ్లింపుల పట్టిక, కీ-వాల్యూ స్టోర్‌లోకి; అనుమతులు, ఖాతా నిల్వలు, సెషన్లు ఎప్పటికీ కాదు.

కచ్చితత్వం కావాలంటే క్లౌడ్‌ఫ్లేర్‌లోనే డ్యూరబుల్ ఆబ్జెక్ట్స్ ఉన్నాయి. ఒక్కో ఆబ్జెక్టు ప్రపంచం మొత్తం మీద ఒకేచోట ఉంటుంది, దాని లోపల పని వరుసలో జరుగుతుంది, దాని నిల్వ దానితోపాటే ఉంటుంది. చాట్ గది, కలిసి రాసే పత్రం, ఒక్కో వినియోగదారుడి కౌంటర్ వంటివాటికి ఇంతకన్నా చక్కని సాధనం నేను చూడలేదు. కానీ అప్లికేషన్ మొత్తానికి ఒకే ఆబ్జెక్టు పెడితే అది ఒకే సర్వర్ అయి కూర్చుంటుంది, ఎడ్జ్ అన్న మాటకు అర్థమే ఉండదు. క్లౌడ్‌ఫ్లేర్ వారి డీ1 ఎస్‌క్యూఎల్‌లైట్ ఆధారంగా నడిచే డేటాబేస్, ఒక్కొక్కటి గరిష్ఠంగా 10 జీబీ. ఒక్కో ఖాతాదారుకు ఒక్కో డేటాబేస్ అన్న పద్ధతిలో కొత్తగా కట్టేవారికి అది సరిపోతుంది. నడుస్తున్న పోస్ట్‌గ్రెస్‌ను అందులోకి మార్చమని మీకు మాత్రం చెప్పను; ముగ్గురి బృందం అప్లికేషన్‌నూ డేటాబేస్‌నూ ఒకేసారి మార్చితే ఏ లోపం దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేక తల ప్రాణం తోకకు వస్తుంది.

మీరు అడిగిన పేర్లలో ఏడబ్ల్యూఎస్‌ది వేరే తరహా. లాంబ్డా ఎట్ ఎడ్జ్ పేరులో ఎడ్జ్ ఉన్నా అది నడిచేది అంచున ఉన్న వందల కేంద్రాల్లో కాదు, వాటికి ఒక మెట్టు వెనకనున్న ప్రాంతీయ క్యాష్ కేంద్రాల్లో. ఫంక్షన్‌ను ఉత్తర వర్జీనియా రీజియన్‌లోనే సృష్టించాలి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు (కోడ్ బయట ఉంచే సెట్టింగులు) పెట్టుకునే వీలు లేదు, లాగ్‌లు ఫంక్షన్ ఎక్కడ నడిచిందో దానికి దగ్గరి రీజియన్‌లో పడతాయి కాబట్టి ఒక ఎర్రర్ కోసం అరడజను రీజియన్లు తిరగవలసి వస్తుంది. వద్దనుకుని తీసేస్తే దాని నకళ్లు చెరిగిపోవడానికి కొన్ని గంటలు పడుతుంది. ఏడబ్ల్యూఎస్‌లోనే 2021లో వచ్చిన క్లౌడ్‌ఫ్రంట్ ఫంక్షన్లు నిజంగా అంచునే నడుస్తాయి, మిల్లీసెకను లోపే ముగుస్తాయి. అయితే కోడ్ 10 కేబీకి మించకూడదు, నెట్‌వర్క్‌ను తాకకూడదు. మీ మిగతా వ్యవస్థ అంతా ఏడబ్ల్యూఎస్‌లోనే ఉంటే ఈ చిన్న ఫంక్షన్లతో సరిపెట్టుకుని, అసలు పనిని రీజియన్‌లోని మామూలు లాంబ్డాకు వదలడం మేలు.

ఫాస్ట్లీ కంప్యూట్ వెబ్‌అసెంబ్లీ అనే కోడ్ రూపం మీద నడుస్తుంది. ప్రతి రిక్వెస్టుకూ కొత్త గది తెరిచి పని కాగానే పారేస్తుంది, కాబట్టి ఒకరి సమాచారం ఇంకొకరి రిక్వెస్టులోకి జారే ప్రమాదం తక్కువ. రస్ట్, గో భాషల్లో రాసేవారికీ, క్యాష్‌ను క్షణంలో తుడిచేయవలసిన వార్తా సంస్థలవంటివారికీ నేను మొదట చెప్పే పేరు ఇదే. నెక్స్ట్ జేఎస్ బృందానికి కాదు. నెట్లిఫై ఎడ్జ్ ఫంక్షన్లు డెనో అనే రన్‌టైమ్ మీద నడుస్తాయి, స్టాటిక్ సైటుకు కాస్త తెలివి జోడించడానికి సరిపోతాయి. డెనో డిప్లాయ్ టైప్‌స్క్రిప్ట్‌ను బిల్డ్ మెట్టు లేకుండా నడపాలనుకునేవారికి హాయిగా ఉంటుంది. ఈ రెండింటి గురించి మీ విషయంలో ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

బిల్లు విషయంలో చూడవలసింది ధర కన్నా ముందు దేనికి ధర కడుతున్నారన్నది. వర్కర్స్ చెల్లింపు ప్లాన్ నెలకు 5 డాలర్లతో మొదలవుతుంది. అందులో 1 కోటి రిక్వెస్టులు, 3 కోట్ల సీపీయూ మిల్లీసెకన్లు కలిసి ఉంటాయి. ఆ పైన ప్రతి 10 లక్షల రిక్వెస్టులకు 0.30 డాలర్లు, ప్రతి 10 లక్షల సీపీయూ మిల్లీసెకన్లకు 0.02 డాలర్లు. మీ 5 కోట్ల రిక్వెస్టులు సగటున 7 మిల్లీసెకన్ల సీపీయూ వాడతాయనుకుంటే రిక్వెస్టులకు 12, సీపీయూకు 6.40, మూలధర 5, మొత్తం 23.40 డాలర్లు. మామూలు లాంబ్డా మొత్తం వ్యవధికి, కేటాయించిన మెమరీకి కలిపి ధర కడుతుంది. అర జీబీ మెమరీతో ఒక్కో రిక్వెస్టు 200 మిల్లీసెకన్లు పడితే, ఉచిత కోటా తీసివేయకుండా, సుమారు 93 డాలర్లు. ఇప్పుడు మీరు పిలిచే ఏదో బయటి ఏపీఐ నెమ్మదించి ఆ 200 కాస్తా 800 అయిందనుకోండి: లాంబ్డా బిల్లు 340 దాటుతుంది, వర్కర్స్ బిల్లు 23.40 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఎదురుచూపుకు అక్కడ ఖరీదు లేదు. వెర్సెల్ కూడా 2025లో వాస్తవంగా వాడిన సీపీయూకు ధర కట్టే పద్ధతికి మారింది, మెమరీకి మాత్రం ఫంక్షన్ బతికి ఉన్నంతసేపూ లెక్క ఉంటుంది. ధరలు మారుతుంటాయి కాబట్టి ఈ అంకెలను అలాగే నమ్మకుండా మీ రోజు ధరల పట్టికతో మళ్లీ వేసుకోండి. లెక్క వేసే తీరు మాత్రం మారదు. బాట్ల దాడి జరిగిన రాత్రి బిల్లు ఎక్కడ ఆగుతుందో, ఖర్చుకు గరిష్ఠ పరిమితి పెట్టుకునే వీలుందో లేదో కూడా అదే కూర్చున్నప్పుడు చూడండి.

ఒక ప్లాట్‌ఫామ్‌కు కట్టుబడిపోతామన్న భయం గురించి మీరు విడిగా అడిగారు. రిక్వెస్టు తీసుకుని రెస్పాన్స్ ఇచ్చే కోడ్ ఇప్పుడు అంతటా దాదాపు ఒకటే. 2022లో మొదలైన వింటర్‌సీజీ కృషి 2025లో ఎక్మా సంస్థ కింద వింటర్‌టీసీగా మారింది, నెట్‌వర్క్ నుంచి తెచ్చుకునే ఫెచ్ తరహా ఏపీఐలు అన్ని రన్‌టైమ్‌లలోనూ ఒకేలా ఉండాలన్నది దాని పని. హోనో వంటి ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన ఏపీఐని ఒక మధ్యాహ్నంలో మార్చవచ్చు. పట్టు బిగిసేది నిల్వ దగ్గర. కేవీ, డ్యూరబుల్ ఆబ్జెక్ట్స్, క్యూలను కోడ్‌లో ఇరవైచోట్ల నేరుగా పిలిస్తే బయటకు రావడం నెలల పని. వాటిని మీ సొంత ఫంక్షన్ల వెనక దాచి ఒక ఫైల్‌లో ఉంచితే వారాల పని.

దీనితో ముడిపడిన మరో విషయం సేవల అంతరాయం. 2025 అక్టోబరు 20న ఏడబ్ల్యూఎస్ ఉత్తర వర్జీనియా రీజియన్‌లో డైనమోడీబీ డేటాబేస్‌కు సంబంధించిన డీఎన్‌ఎస్ (పేరునుబట్టి చిరునామా చెప్పే వ్యవస్థ) లోపంవల్లా, నవంబరు 18న క్లౌడ్‌ఫ్లేర్‌లో బాట్ల గుర్తింపుకు వాడే ఒక ఫైల్ అనుకున్నదానికి రెట్టింపు పెరగడంవల్లా ఎన్నో సైట్లు గంటలపాటు ఆగిపోయాయి. ఇందువల్ల ఒకరు మంచి, ఒకరు చెడు అని తేలదు, ఎవరికైనా జరుగుతుంది. కానీ నవంబరు నాటి ఘటనలో నియంత్రణ డ్యాష్‌బోర్డ్ కూడా సరిగా తెరుచుకోక, డీఎన్‌ఎస్ అక్కడే ఉన్నవారు ట్రాఫిక్‌ను వేరేచోటుకు మళ్లించుకోలేక చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. మీ వ్యాపారానికి రెండు గంటల అంతరాయం భరించరానిదైతే ఏపీఐ టోకెన్ ద్వారా మార్పులు చేసే దారిని ముందే పరీక్షించి ఉంచుకోండి. భరించగలిగినదైతే ఈ బరువు మోయకండి.

ఇక మీరు ఎదురుచూస్తున్న పేరు. మీ స్థానంలో ఉంటే నేను ముందు ఏ ప్లాట్‌ఫామ్‌కూ మారకుండా రెండు పనులు చేస్తాను: బహిరంగ పేజీలను ఏదైనా సీడీఎన్ వెనక క్యాష్‌తో నిలుపుతాను, డ్యాష్‌బోర్డ్‌లో వరుసగా నడిచే క్వెరీలను కలుపుతాను. ఆ తరువాత కూడా సర్వర్ నిర్వహణ బరువే మీ బాధ అయితే, నెక్స్ట్ జేఎస్ కొత్త సదుపాయాలన్నీ వచ్చిన రోజే కావాలనుకుంటే వెర్సెల్‌కు వెళ్లండి. నోడ్ జేఎస్ రన్‌టైమ్ వాడి, ఫంక్షన్ల రీజియన్‌ను పోస్ట్‌గ్రెస్ ఉన్నచోటుకే కట్టేయండి. ఖర్చు ముఖ్యమై, కొంత అనుకూలత పని చేసుకునే ఓపిక ఉంటే క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్. అక్కడికి అనువుగా మలిచే ఓపెన్‌నెక్స్ట్ అడాప్టర్‌తో నెక్స్ట్ జేఎస్‌ను నడుపుతూ, పోస్ట్‌గ్రెస్ ముందు హైపర్‌డ్రైవ్ పెట్టి, డ్యాష్‌బోర్డ్ వర్కర్‌కు స్మార్ట్ ప్లేస్‌మెంట్ ఆన్ చేయండి. ముగ్గురే ఉన్న బృందానికి నేనైతే ఈ రెండింటిలో వెర్సెల్‌నే చెబుతాను, ఎందుకంటే నెలకు మిగిలే డాలర్ల కన్నా అడాప్టర్ లోపాలు వెతికే గంటలు ఖరీదైనవి. రిక్వెస్టులు ఇప్పుడున్నదానికి పదింతలైన రోజున ఈ మాట తిరగబడవచ్చు.

నిర్ణయానికి ముందు ఒక వారం పరీక్ష పెట్టండి. అన్నిటికన్నా బరువైన డ్యాష్‌బోర్డ్ పేజీ ఒక్కదాన్నే రెండుచోట్లా డిప్లాయ్ చేసి, నిజమైన వినియోగదారుల్లో కొద్దిమందిని అటూ ఇటూ పంపండి. మీ ల్యాప్‌టాప్ నుంచి కొలవకండి, మీరు కూర్చున్నచోటు డేటాబేస్‌కు దగ్గరైతే అన్నీ బాగానే కనిపిస్తాయి. సర్వర్-టైమింగ్ హెడర్‌లో డేటాబేస్ కోసం ఎదురుచూసిన సమయాన్ని విడిగా రాయండి, ఆ అంకెను బ్రౌజర్ నుంచే సేకరించండి. సగటు చూడకండి, నూటికి అయిదుగురు అనుభవించే అతి నెమ్మది సమయాన్ని ఖండంవారీగా చూడండి. రాత్రి రద్దీ లేని వేళ, చాలాసేపు ఎవరూ తాకని పేజీకి వచ్చిన మొదటి రిక్వెస్టును వేరుగా గుర్తించండి, కోల్డ్ స్టార్ట్ దాక్కునేది అక్కడే. ఆ పట్టికలో డేటాబేస్ ఎదురుచూపు మొత్తం సమయంలో సగానికి మించి ఉంటే రెండు ప్లాట్‌ఫామ్‌ల మధ్య తేడా వెతకడం ఆపి, క్వెరీల దగ్గరకే తిరిగి వెళ్లండి.